960 వెనుక పనితనం

1996 జూన్‌లో బ్యూనస్ ఎయిర్స్‌లో బాబీ ఫిషర్ ఒక కొత్త తరహా చదరంగాన్ని ప్రకటించాడు. బల్ల అదే, కాయలు అవే, నడకలూ అవే. వెనుక వరుస అమరికను మాత్రం ప్రతి ఆటకూ చీటీ తీసినట్టు తేలుస్తారు. కంఠతా పట్టిన ఓపెనింగులు అక్కడ అక్కరకు రావు. నియమాలు రెండే: శకటులు చెరో రంగు గడిలో ఉండాలి, రాజు రెండు ఏనుగుల నడుమ ఉండాలి. ఇలా కుదిరే అమరికలు 960. ఆటకు చెస్ 960 అన్న పేరు అలా వచ్చింది.

ఆ లెక్క కట్టే వరుస చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో! ముందు శకటులు. నల్ల గడులు 4, తెల్ల గడులు 4. కాబట్టి 16 విధాలు. మిగిలిన 6 గడుల్లో మంత్రి ఎక్కడైనా కూర్చోవచ్చు. ఇక 5 గడులు, రెండు గుర్రాలు. మొదటిదానికి 5, రెండోదానికి 4, మొత్తం 20 అనిపిస్తుంది. అయితే గుర్రాలు రెండూ ఒకటే రకం. ఒకదాని చోట మరొకటి నిలిచినా వరుస మారదు. ప్రతి అమరికా రెండుసార్లు లెక్కకొచ్చింది గనుక సగం చేస్తే 10. చివరికి మిగిలేవి మూడు గడులు: మధ్యలో రాజు, అటూ ఇటూ ఏనుగులు. దారి ఒక్కటే. 16×6×10 = 960.

శకటులూ జంటే కదా, వాటికి సగం చేయలేదేం? గడి రంగే వాటిని విడదీసింది. ఏనుగులకూ ఆ అవసరం రాలేదు, రాజుతో కలిసి ఒకేసారి కుదురుకున్నాయి. అదే రాజుతో మొదలుపెడితే, ఆయన గడినిబట్టి ఏనుగుల చోట్లు, వాటినిబట్టి శకటుల చోట్లు మారిపోతాయి. లెక్క ముక్కలు ముక్కలవుతుంది. రాజుకు కావలసింది ఏనుగుల నడుమ స్థానమే. అందుకే ఆయన్ని చివరికి ఉంచడంలోనే నేర్పంతా ఉంది.

మరో దారిలో సరిచూద్దాం. నియమాలేవీ లేకుంటే అమరికలు 5040. శకటులు కూర్చునే 28 గడుల జతల్లో రంగులు వేరైనవి 16. దాంతో 2880 మిగులుతాయి. వాటిలో రాజు నడుమ ఉండేవి మూడో వంతు. మళ్లీ 960.

కుడిఎడమలు తిప్పితే ప్రతి అమరికకూ అద్దంలోని జోడీ ఉంటుంది. జోడీని ఒకటిగా లెక్కిస్తే 480. కానీ కోట కట్టాక రాజు చేరేది సి గడికి గానీ జి గడికి గానీ. మధ్యగీత నుంచి ఆ రెండూ సమదూరంలో లేవు. అందువల్ల జోడీలో ఒక్కో అమరికా వేరే ఆటకు దారితీస్తుంది, 960లో దేన్నీ తగ్గించే పని లేదు.