‘మంచి కొలెస్టరాల్’ అను పేరు తగునా?

హృద్రోగమును గురించి సామాన్యులకై వ్రాయబడు వ్యాసములలో ఒక మాట స్థిరపడిపోయినది. రక్తములో రెండు విధములైన కొలెస్టరాల్ కలదనియు, ఒకటి మంచిది, రెండవది చెడ్డదనియు వ్రాయుచుందురు. చదువుటకు సులభము, జ్ఞాపకముంచుకొనుట మరింత సులభము. శాస్త్రమును జనసామాన్యమునకు చేర్చుటకు సులభమైన మాటలు కావలసినవే. కాని సులభముగా చెప్పుట వేరు, తప్పుగా చెప్పుట వేరు. ఈ పేరు రెండవ కోవకు చెందినదని మా అభిప్రాయము.

మొదట వస్తువును చూతము. కొలెస్టరాల్ ఒకే పదార్థము. దాని అణువు ఎక్కడనున్నను ఒకటే. అది నీటిలో కరగదు గనుక రక్తములో ఒంటరిగా పయనింపజాలదు. కొవ్వులు, మాంసకృత్తులు కలిసి ఏర్పడిన సూక్ష్మకణములలో చేరి శరీరమంతట తిరుగును. ఈ కణములే లైపోప్రొటీనులు. వీటిలో సాంద్రత తక్కువగానున్న ఒక రకము ఎల్.డి.ఎల్.; సాంద్రత ఎక్కువగానున్నది హెచ్.డి.ఎల్. అనగా భేదము బండిలోనే గాని అందులోని సరకులో లేదు. సరకునకు మంచిచెడ్డలు అంటగట్టుట మొదటి తప్పు.

ఐనను ఈ పేరు ఆధారము లేకుండ పుట్టలేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణమున 1948లో ఒక దీర్ఘ పరిశీలన ప్రారంభమైనది. 1977లో ప్రకటింపబడిన దాని ఫలితములలో, హెచ్.డి.ఎల్. కొలెస్టరాల్ ఎక్కువగానున్నవారికి గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నట్లు తేలినది. ఈ కణములు ధమనుల గోడలనుండి కొలెస్టరాల్‌ను తీసికొని కాలేయమునకు చేర్చునన్న భావము దీనికి బలమిచ్చినది. ఇంతవరకు దోషము లేదు. తరువాతి అడుగులోనే తొందర కలదు. జబ్బు లేనివారిలో ఎక్కువగా కనబడుచున్నది గనుక, దానిని పెంచినచో జబ్బు తగ్గునని చాలమంది నమ్మిరి.

గాలివాన రాబోవునపుడు భారమితిలో పాదరసము దిగును. అంతమాత్రమున పాదరసమును పైకి నెట్టినచో గాలివాన ఆగునా? గుర్తు వేరు, కారణము వేరు. ఏది గుర్తో ఏది కారణమో తేల్చుటకు ఒక మార్గము కలదు: దానిని మార్చి, ఫలితము మారునేమో చూడవలెను.

అట్టి పరీక్షలు జరిగినవి. ఫైజర్ సంస్థవారి టార్‌సెట్రాపిబ్ అను మందును సుమారు 15,000 మంది రోగులపై పరీక్షించిరి. హెచ్.డి.ఎల్. నూటికి 72 పాళ్లు పెరిగినది, ఎల్.డి.ఎల్. 25 పాళ్లు తగ్గినది. కాగితముపై ఇంతకంటె చక్కని ఫలితముండదు. కాని మందు తీసికొన్నవారిలో 93 మంది, తీసికొననివారిలో 59 మంది మరణించిరి. 2006 డిసెంబరులో పరీక్షను నిలిపివేసిరి.

ఆ మందు రక్తపుపోటును కూడ పెంచినది గనుక నేరమంతయు హెచ్.డి.ఎల్. సిద్ధాంతముపై మోపుట న్యాయము కాదని కొందరు వాదించిరి. ఆ వాదము సబబైనదే. కాని తరువాత వచ్చిన డాల్‌సెట్రాపిబ్ రక్తపుపోటును అంతగా పెంచకయే హెచ్.డి.ఎల్.ను 30 పాళ్లకు పైగా పెంచినది. 2012లో వెలువడిన ఫలితములలో గుండెకు ఏ మేలును కనబడలేదు. నయాసిన్‌తో 2011, 2014 సంవత్సరములలో వెల్లడియైన రెండు పెద్ద పరీక్షల గతియు అంతే. 2012లోనే మరియొక సాక్ష్యము లభించినది. పుట్టుకతోనే ఒక జన్యుభేదము వలన హెచ్.డి.ఎల్. ఎక్కువగా గలవారికి గుండెపోటు ఇతరులకంటె తక్కువగా రాలేదు. మితిమించి ఎక్కువగానున్నవారిలో మరణములు తగ్గుటకు మారు పెరిగినట్లు 2017లో డెన్మార్కు పరిశీలకులు ప్రకటించిరి.

ఎల్.డి.ఎల్. విషయము ఇట్లు కాదు. 1994లో స్కాండినేవియా దేశములందు 4,444 మంది హృద్రోగులపై జరిగిన పరీక్షలో, సిమ్వాస్టాటిన్ వలన ఎల్.డి.ఎల్. 35 పాళ్లు, మరణములు 30 పాళ్లు తగ్గినవి. పుట్టుకతో ఎల్.డి.ఎల్. మిక్కుటముగా గలవారికి చిన్నవయస్సుననే గుండెపోటు వచ్చుచున్నది. పుట్టుకతో తక్కువగా గలవారికి అరుదు. వేర్వేరు దారులన్నియు ఒకే చోటికి చేరుచున్నవి. కాబట్టి దీనిని కారణమనుటకు సందేహింపనక్కరలేదు.

ఒక పేరును గురించి ఇంత చర్చ యేలయని పాఠకులు అడుగవచ్చును. ఎల్.డి.ఎల్. 180, హెచ్.డి.ఎల్. 70 గల వ్యక్తి యొకడు తన రక్తపరీక్ష కాగితమును చూచుకొనుచున్నాడనుకొందము. ‘చెడ్డది ఎక్కువైనను మంచిది కాపాడును’ అని అతడు ఊరట చెందును. వైద్యుడు వ్రాసిన మందు మానివేయును. కారణము ఆతని ధమనులలో తన పని తాను చేసికొనిపోవుచునే యుండును. ఆ ఊరటనిచ్చినది మనము వాడిన మాటయే.

హెచ్.డి.ఎల్.ను కొలుచుట వ్యర్థమని మేము చెప్పుట లేదు. అది తక్కువగానుండుట పెక్కుసార్లు బొజ్జ, మధుమేహము, పొగత్రాగుట మొదలగువాటితో కూడియుండును. కావున హెచ్చరికగా దానికి విలువ కలదు. నడక వలన అది కొంత పెరుగవచ్చును. ఐనను నడక మేలు చేయునది ఆ అంకె పెరుగుట వలననే యని తలపరాదు.

ఇకపై ఇట్టి వ్యాసములు వ్రాయువారు మంచి, చెడ్డ అను విశేషణములను విడిచి, ఎల్.డి.ఎల్. జబ్బునకు కారణమనియు, హెచ్.డి.ఎల్. ఒక గుర్తు మాత్రమేయనియు వ్రాసిన చాలును. మాటలు రెండే, తికమక లేదు. చదువరి కాగితమును చూచుకొనునపుడు ఏ అంకెను గురించి వైద్యుని అడుగవలెనో ఆతనికి తెలియును.