పేరున్న ఏనుగు, పేరులేని మనిషి: వైనైనా వ్యంగ్యంలో పాత్రచిత్రణ

కెన్యా రచయిత బిన్యవాంగ వైనైనా (1971–2019) వ్యాసం ‘హౌ టు రైట్ అబౌట్ ఆఫ్రికా’ 2005లో ‘గ్రాంటా’ పత్రిక 92వ సంచికలో వెలువడింది. ఆ పత్రికే అంతకుముందు ఆఫ్రికాపై తెచ్చిన సంచిక చదివి, ఆగ్రహంతో సంపాదకులకు రాసిన లేఖ దీనికి మూలం. ఆఫ్రికా గురించి రాయదలచినవారు వేటిని వర్ణించాలో, వేటిని విడిచిపెట్టాలో ఉపదేశిస్తూ వ్యాసం నడుస్తుంది. అష్టాదశ వర్ణనల పట్టిక తెలిసిన తెలుగు పాఠకుడు దీన్ని వెక్కిరింపు కవిశిక్షగా గుర్తుపడతాడు. స్తుతి ముసుగులో నింద కనుక వ్యాజస్తుతి అనడమూ సబబే. (తెలుగు చేయబూనినవారికి ఒక చిక్కు: ‘రాయవలెను’ అంటే లక్షణకర్త గొంతు వస్తుంది, కపట మర్యాద మాత్రం ‘రాయండి’లోనే పలుకుతుంది.)

ఈ వ్యాసాన్ని వలసవాద దృష్టిపై విమర్శగా చదవడం పరిపాటి. అది తప్పు కాదు గాని, వ్యాసంలో అన్నిటికన్నా పదునైన భాగం జంతువుల ప్రస్తావన. జంతువులను సంక్లిష్టమైన నిండు పాత్రలుగా తీర్చాలట. వాటికి పేర్లూ ఆశయాలూ ఉండాలట. ఏనుగు పంటలు తొక్కినా, మనుషుల ప్రాణాలు తీసినా రచయిత ఏనుగు పక్షమే వహించాలట. మనుషులకు మాత్రం ఆకలి ఉంటే చాలు. పాత్రకూ నేపథ్యానికీ చోట్లు తారుమారయ్యాయన్నదే ఇక్కడి అసలు ఆరోపణ.

సహాయ కార్యకర్తనూ వన్యప్రాణి సంరక్షకుణ్ణీ వైనైనా ఒకే వరుసలో నిలబెట్టడం యాదృచ్ఛికం కాదు. ఇద్దరి కథకూ తన తరఫున తాను మాట్లాడలేని బాధితుడు కావాలి. ఏనుగు ఎలాగూ మాట్లాడదు. మాట్లాడగల మనిషినే మూగగా చూపించాలి. విరాళం కోరే చిత్రంలోని స్త్రీకి గతం, హాస్యం, పొరుగువారితో తగాదా ఉండవు. ఉంటే ఆమె జాలికి తగినది కాకుండా పోతుంది.

ఇది శైలీదోషంతో ఆగే విషయం కాదు. జర్మన్ జంతుశాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ గ్రిమెక్ చిత్రం ‘సెరెంగెటి షల్ నాట్ డై’ 1959లో విడుదలై, తరువాత ఆస్కార్ పొందింది. గ్రిమెక్, ఆయన కుమారుడు మైకేల్ చిన్న విమానంలో తిరుగుతూ జంతువుల మందలను లెక్కించిన వృత్తాంతం అది. జాతీయ ఉద్యానవనంలో స్థానికులు సైతం నివసించరాదన్నది గ్రిమెక్ వాదం. ఆ 1959లోనే బ్రిటిష్ పాలనలోని టాంగన్యీకాలో మసాయి పశుకాపరులను సెరెంగెటి ఉద్యానవనం నుంచి ఎన్‌గొరొంగొరోకు తరలించారు. వైనైనా పరిహసించిన వర్ణన పద్ధతి అప్పటికే భూమి హద్దులు గీసే వాదానికి తోడుగా నిలిచింది.

అయితే వైనైనా వ్యంగ్యానికీ హద్దుంది. పంట పోగొట్టుకున్న రైతు ఆయన వ్యాసంలోనూ మాట్లాడడు. చెడ్డ రచయిత గొంతును అనుకరించే వ్యంగ్యం ఆ రచయిత చూపు దాటి పోలేదు. ఖాళీని చూపగలదే గాని పూరించలేదు. సంరక్షణ సాహిత్యంపై పరిశోధించేవారు ఈ ఒక్క వ్యాసంతో ఆగిపోతే, తెలియకుండానే మళ్లీ బయటి రచయిత గురించే మాట్లాడుతూ ఉంటారు. అందుకే కెన్యాకే చెందిన మసాయి నవలాకారుడు హెన్రీ ఓలే కులెట్ ‘వానిషింగ్ హెర్డ్స్’ (2011)ను దీని పక్కన పెట్టి చదవాలి. వైనైనా వాక్యంలోని చురుకును అందులో వెతకనక్కరలేదు. మందతో సాగిపోయే యువ మసాయి దంపతులకు అక్కడ పేర్లున్నాయి: కెడోకి, నోర్పిసియా. అడవి నాశనం వారికి దూరపు దృశ్యం కాదు, తమ పశువుల మేతకూ నీటికీ సంబంధించిన సంగతి.