గంటకు అయిదు కిలోమీటర్లు: నడక వేగపు లెక్కలపై ఒక విమర్శ

గణిత పుస్తకములలో నడచు మనిషి సాధారణముగా గంటకు అయిదు కిలోమీటర్ల వేగముతో నడచును. ఎండయైనను వానయైనను, నెత్తిపై గడ్డిమోపు ఉన్నను లేకున్నను అతని వేగము మారదు. “రాముడు గంటకు 5 కి.మీ. వేగముతో నడచి 36 నిమిషములలో పాఠశాల చేరెను. పాఠశాల ఎంత దూరము?” అని లెక్క. విద్యార్థి 5ను 36తో గుణించి, 60తో భాగించి, 3 కి.మీ. అని వ్రాయును, మార్కులు వచ్చును. రాముని వేగము 5 అని ఎవరు కొలిచిరి, ఎట్లు కొలిచిరి అను ప్రశ్న తరగతిలో పుట్టదు. వేగము ఎవరో ఇచ్చెడు సంఖ్య కాదు, కొలిచి తెలిసికొనవలసిన రాశి. పుస్తకపు లెక్కలో ఈ సంగతి తలక్రిందులైనది.

ఈ లోపమును గుర్తించిన ఉపాధ్యాయులు పిల్లలచేత తమ నడక వేగమును తామే కనుగొనునట్లు చేయింతురు. దీనికి ప్రత్యేక పరికరములేవియు అక్కరలేదు. కాని ఇందుకై వాడుకలో ఉన్న పద్ధతులన్నియు ఒకే విలువ గలవి కావు. కొన్ని పద్ధతులు కొలత వలెనే కనిపించుచు, నిజమునకు పుస్తకములోని 5నే తిప్పి మరల పిల్లవాని చేతికి ఇచ్చును.

నల్లగొండ జిల్లాలోని నిడమనూరు హాలియా, మిర్యాలగూడల నడుమ, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ప్రాంతములో ఉన్న మండల కేంద్రము. చుట్టుప్రక్కల పల్లె నుండి అచటి పాఠశాలకు నడచి వచ్చు విద్యార్థి ఒకడు ఉన్నాడని ఊహింపవచ్చును. అతడు ఇంటి నుండి బడికి దూరమెంతయని తాతను అడుగును. “అరగంట నడక బిడ్డా, రెండున్నర కిలోమీటర్లు ఉంటది” అని తాత చెప్పును. మరునాడు పిల్లవాడు గడియారము చూచుకొని నడచును. సరిగా ముప్పది నిమిషములు పట్టును. వేగము గంటకు 5 కి.మీ. అని వచ్చును. పుస్తకముతో సరిపోయెనని అందరికిని సంతోషము.

ఇచట కొలత జరుగలేదు. తాత ఏ గొలుసుతోను దారిని కొలువలేదు. అరగంట పట్టునని ఆయనకు అనుభవము; మనిషి గంటకు అయిదు కిలోమీటర్లు నడచునని లోకములో వాడుక. రెంటిని కలిపి రెండున్నర అనెను. అనగా దూరము కాలము నుండియే పుట్టినది. మనుమడు ఆ దూరమును మరల కాలముతో భాగించి, వాడుకలోని అయిదునే బయటికి తీసెను. తాతను తప్పు పట్టుటకు వీలులేదు. దూరమును నడక కాలముతో చెప్పుట మన పల్లెలలో పూర్వము నుండి ఉన్న అలవాటు. గడియ నడక, జాము ప్రయాణము అనునవి దారి ఎరిగినవాని మాటలు. గడియ యనగా 24 నిమిషములు, జాము మూడు గంటలు. కోసు, ఆమడ అనునవి దూరపు పేర్లే అయినను ఒక్కొక్క సీమలో ఒక్కొక్క విధముగా ఉండెను. బాటసారికి అవి చాలును. వేగమును కనుగొనగోరు విద్యార్థికి మాత్రము చాలవు. అతనికి కావలసిన దూరము నడక నుండి పుట్టినది కారాదు; నడకతో సంబంధము లేని వేరొక కొలత నుండి రావలెను. పద్ధతి మంచిచెడ్డలను ఈ ఒక్క విషయముతోనే పరీక్షింపవచ్చును.

అన్నిటికంటె ఎక్కువ ప్రచారములో ఉన్నది అడుగులను లెక్కించు పద్ధతి. నిమిషమునకు ఎన్ని అడుగులు పడినవో లెక్కించి, ఒక్కొక్క అడుగు పొడవుతో గుణింతురు. వినుటకు సులభముగానే ఉన్నది. కాని తెలుగులో దీనికి మొదటి చిక్కు భాషలోనే కలదు. అడుగు అనగా నడకలో వేయు అంగ. అడుగు అనగా పన్నెండు అంగుళముల కొలత కూడ. నిమిషమునకు 110 అడుగులు వేసిన పిల్లవాడు స్కేలుమీది అడుగును, అనగా 30.48 సెంటీమీటర్లను, తీసికొని గుణించినచో నిమిషమునకు 33.5 మీటర్లు, గంటకు సుమారు 2 కి.మీ. అని వచ్చును. ఆ వేగముతో నడచువాడు మొదటి గంట మ్రోగునప్పటికి బడికి సగము దారిలోనైనను ఉండడు. నోటుపుస్తకములో ‘అంగ’ అని ఒక దానికి, ‘అడుగు’ అని రెండవ దానికి వేరువేరుగా వ్రాయించుట మేలు.

రెండవ చిక్కు అంగ పొడవులో ఉన్నది. తరగతి గదిలో సుద్దగీత గీచి, ఒక్క అంగ వేయించి, దానిని స్కేలుతో కొలుచుట చూడముచ్చటగా ఉండును. కాని పదిమంది చూచుచుండగా వేసిన ఆ అంగ రోడ్డు మీద తెలియకుండ పడు అంగ కాదు. నిజమైన అంగ 70 సెంటీమీటర్లు ఉండగా సుద్దగీత వద్ద 75 వచ్చినదనుకొన్నచో, 110 అంగలకు నిమిషమునకు 77 మీటర్లు రావలసినచోట 82.5 మీటర్లు వచ్చును. గంటకు 4.62 కిలోమీటర్లు 4.95 అయిపోవును. చూడుడు, మరల అయిదే! పిల్లవాడు సంతోషించును, ఉపాధ్యాయుడు తప్పును గుర్తింపడు.

అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. వేగముగా నడచునపుడు మనిషి అంగల సంఖ్యను మాత్రమే పెంచడు, అంగ పొడవును కూడ పెంచును. నింపాదిగా నడచినపుడు నిమిషమునకు 110 అంగలు, అంగకు 70 సెం.మీ. ఉన్నవాడు, బడి గంట వినబడగానే 130 అంగలు, అంగకు 80 సెం.మీ. చొప్పున నడచుననుకొనవచ్చును. అతని నిజమైన వేగము గంటకు 6.24 కి.మీ. పాత 70తోనే గుణించినచో 5.46 మాత్రమే వచ్చును. ఎనిమిదింట ఒక వంతు మాయమైనది.

అంగతో దూరమును కొలుచుట చులకన చేయదగిన పని యని దీని అర్థము కాదు. మైలు అను మాటయే రోమనుల వేయి జంట అంగల నుండి పుట్టినది. 1865లో బయలుదేరి 1866 జనవరిలో లాసా నగరము చేరిన నైన్ సింగ్ టిబెట్టు దారులను అంగలతోనే కొలిచెను. ఆయన కుమావూన్ ప్రాంతపు బడిపంతులు. భారతదేశపు సర్వే శాఖ ఆయనకు శిక్షణ ఇచ్చెను. జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలు పెట్టుకొని, నూరంగలకు ఒక పూస చొప్పున త్రిప్పెడువాడు. మాల ఒక చుట్టు తిరిగినచో పదివేల అంగలు. అయితే ఎక్కుడులోను దిగుడులోను అంగ ఒకే పొడవున పడుటకై ఆయన ఎంతో అభ్యాసము చేయవలసి వచ్చెను. సహజముగా అంగ సమానముగా పడదు అనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు. (రోజుకు పదివేల అంగలు నడువవలెనని ఈనాడు వినబడు మాటకు ఈ జపమాలతో సంబంధము లేదు. అది 1965లో జపానులో అమ్మకమునకు వచ్చిన ఒక అంగల లెక్క యంత్రము పేరు నుండి వచ్చినది.)

చేతిలోని ఫోను కూడ రెండు విధములుగా పని చేయును. అంగలను లెక్కించి, మనిషి ఎత్తును బట్టి అంగ పొడవును ఊహించి గుణించినపుడు అది సుద్దగీత పద్ధతియే, తెరమీద రెండు దశాంశ స్థానములతో కనిపించును గాని. ఉపగ్రహ సంకేతములతో స్థానమును కనుగొన్నపుడు మాత్రము దూరము నడకతో సంబంధము లేకుండ వచ్చుచున్నది. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరమునకు అది నమ్మదగినదే. నాలుగడుగుల దూరమునకు కాదు. 5.27 అని చూపిన సంఖ్యలో చివరి 7 ఎంతవరకు నిజమో ఫోను చెప్పదు.

మరి పరికరము లేకుండ నమ్మదగిన దూరము ఎచట దొరకును? రోడ్డు ప్రక్కనే. మన ప్రధాన రహదారులపై కిలోమీటరు రాళ్లను, వాని నడుమ 200 మీటర్లకొకటి చొప్పున 2, 4, 6, 8 అంకెలు గల చిన్న రాళ్లను పాతు పద్ధతి కలదు. మైళ్ల కాలములో ఫర్లాంగు రాళ్లు చేసిన పనినే ఇవి చేయుచున్నవి. ఫర్లాంగు 201 మీటర్లు కనుక పెద్ద తేడా కూడ లేదు. ఒక రాయి నుండి మరుసటి రాయి వరకు పట్టిన సెకనులను చూచి, 720ని ఆ సంఖ్యతో భాగించినచో వేగము గంటకు ఇన్ని కిలోమీటర్లని వచ్చును. 150 సెకనులు పట్టినచో 4.8, 144 పట్టినచో సరిగా 5. ఈ 720 ఎచటి నుండి వచ్చినదో విద్యార్థులచేతనే చెప్పింపవలెను. గంటలో 3600 సెకనులు, 200 మీటర్లు కిలోమీటరులో అయిదవ వంతు.

రాయిని కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. రోడ్డును వెడల్పు చేసినపుడు రాళ్లు కదలుట, కొన్ని లేకుండ పోవుట ఉండును. అందుచేత ఒక్క భాగము కాక వరుసగా అయిదు భాగములు ఒకే తీరుగా నడచి చూడవలెను. నాలుగింటికి 150కి దగ్గరగా వచ్చి ఒకదానికి మాత్రము 180 వచ్చినచో అనుమానింపవలసినది కాళ్లను కాదు, రాయిని. లారీలు తిరుగు రోడ్డుపై పిల్లలను ఒంటరిగా పంపుట మాత్రము తగదు. వీలులేనిచోట పాఠశాల ఆటస్థలములో పది మీటర్ల తాడును స్కేలుతో జాగ్రత్తగా గుర్తుపెట్టి, దానితో నూరు మీటర్లు కొలుచుట ఉత్తమము.

కాలము సంగతియు ఇట్టిదే. సెకనుల ముల్లు లేని గోడ గడియారముతో ఒక కిలోమీటరు నడచినవానికి 12 నిమిషములు అని వచ్చినదనుకొన్నచో, రెండు చూపులలో కలిపి నిమిషము వరకు తప్పు ఉండవచ్చును. అనగా అతని వేగము 4.6కును 5.5కును నడుమ ఎచటనో ఉన్నది. అదే గడియారముతో అయిదు కిలోమీటర్లు గంటలో నడచినచో తప్పు 4.92, 5.08ల నడుమకు కుదించుకొనిపోవును. గడియారము మారలేదు, దూరము పెరిగినది. గడియారమే లేనిచోట మీటరు పొడవు దారమునకు చిన్న రాయిని కట్టి కొద్దిగా ఊపినచో, ఒక వైపు నుండి మరియొక వైపునకు పోవుటకు ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ తేడా అరశాతమునకు మించదు. దారము పొడవును ముడి నుండి రాయి నడిమికి కొలువవలెను.

ఇంతవరకు వచ్చిన వేగము ఎవరి వేగము అను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. 1951 మార్చి 8న సేవాగ్రాము నుండి కాలినడకన బయలుదేరిన వినోబా భావే ఏప్రిల్ 7న హైదరాబాదు ప్రక్కనున్న శివరాంపల్లి చేరెను. పిదప అదే నెల 18న నాటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో భూదానము మొదలైన సంగతి విద్యార్థులకు తెలిసినదే. శివరాంపల్లి వరకు దూరము సుమారు 300 మైళ్లు, ముప్పది దినములు. పుస్తకపు నిర్వచనము ప్రకారము మొత్తము దూరమును మొత్తము కాలముతో భాగించినచో గంటకు 0.7 కి.మీ. కూడ రాదు. లెక్కలో తప్పు లేదు. కాని ఆ వేగముతో ఆయన ఒక్క నిమిషమైనను నడచియుండడు. రాత్రి నిద్ర, గ్రామములలో సభలు, విశ్రాంతి అన్నియు ఆ 0.7లో కలిసిపోయినవి. బడికి వచ్చు పిల్లవాడు త్రోవలో స్నేహితునికై నిలుచుండిన అయిదు నిమిషములను కలుపవలెనా, తీసివేయవలెనా? రెండును సరియే, ఏది చేసినదియు వ్రాయకుండుట మాత్రము సరికాదు. నాట్ల కాలములో పొలము గట్టుమీద కాలు జారకుండ నడచిన వేగమును, తారురోడ్డు మీది వేగమును ఒకే పట్టికలో పేరు లేకుండ కలుపుటయు ఇట్టి తప్పే. వేగము మనిషికి ఎంత చెందునో దారికిని అంత చెందును.

ఇదంతయు చిల్లర పట్టింపు అని తోచవచ్చును. కాని నడక వేగము ఇపుడు వైద్యుల పట్టికలలోనికి వచ్చినది. అరువదియైదేండ్లు, అంతకు పైబడిన 34,485 మంది వివరములతో 2011లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన, మామూలు నడక వేగమునకును మిగిలిన ఆయుర్దాయమునకును సంబంధము ఉన్నట్లు చూపెను. వృద్ధులలో కండరముల క్షీణతను గుర్తించుటకు ఐరోపా నిపుణులు సెకనుకు 0.8 మీటరును హద్దుగా పెట్టిరి. ఆసియా నిపుణులు 2019లో 1 మీటరును హద్దు చేసిరి. ఇందుకై చేయు పరీక్షలలో ఒకటి నాలుగు మీటర్లు మామూలుగా నడచుట. ఏ పల్లెలోనైనను వసారాలో చేయదగినదే.

నాలుగు మీటర్లకు అయిదు సెకనులు పట్టిన అవ్వ వేగము సరిగా 0.8. చూచువాని చేయి ఒక్క సెకను ముందు గడియారమును ఆపినచో అది 1.0, ఒక్క సెకను ఆలస్యమైనచో 0.67. అవ్వ నడక మారలేదు. ఐరోపా హద్దుకు పైన ఉన్నదా, క్రింద ఉన్నదా అనునది ఆ ఒక్క సెకనులో తేలిపోయినది. తరగతిలో ఈ పని చేయింపదలచిన ఉపాధ్యాయుడు గీతకు ముందును వెనుకను రెండేసి మీటర్లు విడిచి, బయలుదేరు అంగయు నిలుచు అంగయు కొలతలో పడకుండ చూడవలెను. ముగ్గురు విద్యార్థులు ఒకరి సంఖ్య ఒకరు చూడకుండ కాలమును వ్రాయవలెను. మూడు సంఖ్యలును పలకపై ఉండవలెను. వానిలో పెద్దదానికిని చిన్నదానికిని గల తేడాయే ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చునో తెలుపును. హద్దుకు క్రింద వచ్చినచో అది రోగనిర్ణయము కాదు, వైద్యునికి చూపుటకు ఒక కారణము మాత్రమే.