జాడీలోని పులుపు

ఇంట కూరగాయలను పులియబెట్టుకొనుటకై నేడు విక్రయింపబడుచున్న సరంజామాలో వింతయేమియు లేదు: ఒక గాజుజాడీ, ముక్కలను అణచియుంచుటకొక బరువైన గాజుబిళ్ళ, లోని వాయువును వెలికి విడిచి బయటి గాలిని లోనికి రానీయని నీటిబిరడా, అంతియే. ఐనను ఈ స్వల్పపరికరములతో, జర్మనులు సావర్‌క్రౌట్ అని పిలుచు పుల్లని క్యాబేజీని సిద్ధపఱచువారి నేర్పు మాత్రము స్వల్పమైనది కాదు.

సన్నగా తఱిగిన కిలో క్యాబేజీకి సుమారు 20 గ్రాముల ఉప్పు చేర్చి, చుక్క నీరైనను పోయక, రెండు చేతులతో పిసుకగా పిసుకగా, తొలుత బిరుసుగానున్న ఆకు మెత్తబడి, నీరూరి, తన నీటిలో తానే మునుగును. ఆ మునుగుటలోనే యున్నది సర్వమును, పైకి తేలిన ముక్కకే గదా బూజు పట్టునది! పిదప ల్యూకోనోస్టాక్ అను సూక్ష్మజీవులు ఆకులోని చక్కెరలను భుజించి అంగారవాయువును పుట్టింపగా బిరడాలో బుడగలు వడివడిగా లేచును. పులుపు హెచ్చినకొలది అవి వెనుదీయగా, ఆమ్లమునకు వెఱవని లాక్టోబాసిల్లస్ జాతులు తక్కిన పనిని పూర్తిచేయును. 1768లో కెప్టెన్ కుక్ ఎండెవర్ ఓడపై బయలుదేఱినపుడు నావికులను స్కర్వీవ్యాధినుండి కాపాడుటకై వెంటగొనిపోయిన ఆహారములలో ఇదియు నొకటి.

కొన్ని వారములు వేచియుండవలెనను నియమము శీతలదేశముల లెక్క. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవాఱకమునుపే గిన్నె దాటి పొరలు మన వేసవిలో దానిని నమ్ముకొనుట తగదు. నాలుగవనాటినుండియే శుభ్రమైన చెంచాతో రుచి చూచుచు, పులుపు నాలుకకు నచ్చిన పూటనే జాడీని ఫ్రిజ్జులోనికి చేర్చు ఇల్లాలినే నేను మెచ్చుకొందును.