దీపానికి తొడిగిన తోలుబొమ్మ

కొత్త ఫ్లాట్ల హాళ్లలో ఇప్పుడు ట్యూబ్‌లైటు తెలుపు తగ్గి, మూలల్లో పసుపు కాంతి దీపాలు వెలుగుతున్నాయి. వాటికి నిమ్మలకుంట తోలు షేడును మించింది లేదు.

ధర్మవరం దగ్గరి ఈ ఊళ్లో మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, వెలుతురు పారేంత పలచగా ఆరబెడతారు. బొమ్మ గీశాక ఉలితో సన్నటి చిల్లులు కొడతారు. నగలూ, చీర అంచులూ ఆ చిల్లుల్లోనే పుడతాయి. ఎంత ఓపిక!

తోలుబొమ్మలాట చూసేవాళ్లు తగ్గాక, దాన్ని ఆడించే ఇక్కడి కుటుంబాలు ల్యాంప్‌షేడ్లు, గోడబొమ్మల వైపు మళ్లాయి. పనితనం మాత్రం తగ్గలేదు. 2020లో ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది.

ఫ్యాక్టరీ షేడ్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడి షేడ్ల మీద ఒక హనుమంతుడి తోక వంపు మరో హనుమంతుడికి రాదు. కొన్నవాళ్లు తడి తగలనివ్వకూడదు. ఎల్‌ఈడీ బల్బు పెడితే వేడి బెడద తక్కువ.