నాటకాన్ని నోటితో చదవాలి

ఇంగ్లీషు ఎం.ఏ. క్లాసులో నాటకానికి తరచూ ఒక అన్యాయం జరుగుతుంది. నవల చదివినట్టే దాన్నీ చదివిస్తారు. కళ్లతో చదివి, నోట్సు రాసుకుని, పాత్ర స్వభావం మీద ఒక జవాబు సిద్ధం చేసుకుంటే అయిపోయింది. ఆ మాటలు మనిషి నోటి నుంచి రావలసినవన్న ధ్యాస రెండేళ్లలో ఎవరికీ కలగదు.

మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కాలనీలో పెరిగి, ముంచంగిపుట్టు, పాడేరు మీదుగా బస్సులో కొండలు దిగి విశాఖపట్నంలో ఆ చదువు చదివినవాణ్ణి. ‘మాక్‌బెత్’ నాకు బోధపడింది స్నేహితులతో కలిసి హాస్టలు మేడ మీద గట్టిగా చదివినప్పుడే. షేక్‌స్పియర్ పద్యపాదానికి మామూలుగా పది అక్షరాలు. ఒకటి తేలిక, దాని పక్కది ఊనిక. మన ఛందస్సుకు గురులఘువులు ప్రాణం, అంటే పలకడానికి పట్టే కాలం ముఖ్యం. అందుకే ఆ పాదం తెలుగు నోట పడగానే సాగుతుంది. పద్యనాటకాలు విన్న గొంతు, రాగం తీయబోతుంది. దానికి నాకు దొరికిన ఉపాయం నడక. ఊనిక పడ్డచోటల్లా అడుగు వేస్తూ చెప్పాలి. అలా చెప్పుకుంటూ పోతే అయిదో అంకంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడిచే చోట అడుగు తడబడుతుంది. అక్కడ ఆమె మాటలు వచనంలో ఉంటాయి. అంతవరకూ పద్యంలో శాసించిన మనిషికి లయ తప్పింది. ఆమె మతి చెదిరిందని విమర్శకుడు చెప్పేలోపే మన కాళ్లకు తెలిసిపోతుంది.

మన పెద్దలకు ఇదంతా తెలుసు. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘చమత్కార రత్నావళి’ ఆడించారు. షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు అది తెలుగు రూపం. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. ముందు ఆట, తర్వాత పుస్తకం. ఆ వరస నాకెంతో ఇష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు శాఖ ఉంది, రంగస్థల కళల శాఖా ఉంది. ఇంగ్లీషు విద్యార్థులు రంగస్థల శాఖలో ఒక్క సెమిస్టరైనా కూర్చునేలా నియమం పెట్టాలి. మా కొండలను ఏలిన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిచ్చి ఆదుకున్న విశ్వవిద్యాలయమది. ఆ మాత్రం అడిగే చనువు మా కొండలవాళ్లకు ఉందనుకుంటాను.

మా పిల్లలకు ఈ చదువులో ఒక బలముంది. మాచ్‌ఖండ్ ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి జలవిద్యుత్ కేంద్రం. 1955లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కాలనీలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో దేశియా; అదే సంతలో గదబలు తమలో తాము మాట్లాడుకునేది ఇంకో భాష. ఎదుటి మనిషిని బట్టి మాటా గొంతూ మార్చుకోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నటుడికి కావలసిన మొదటి విద్య అదే.

కొరాపుట్‌లో 2009లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనూ ఇంగ్లీషు శాఖ ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే దేశియా నాట ఆడతారు. పురాణ కథలు, కొయ్య ముఖాలు, మాటలు దేశియా. అందులో దువారి అని ఒక వేషం. రాజు వాకిట కాపలావాడు, జనాన్ని నవ్వించేవాడు. ‘మాక్‌బెత్’లోనూ రాజు హత్య జరిగిన వెంటనే, తాగిన మత్తులో తలుపు తీయడానికి వచ్చే కాపలావాడున్నాడు. పరీక్షలో ఆ రంగాన్ని ‘కామిక్ రిలీఫ్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నాకు మాత్రం దువారి వేషం కట్టేవాళ్లను క్లాసుకు పిలిచి, ఆ రంగం దేశియాలో ఆడమని అడగాలని ఉంది. తలుపు తట్టే చప్పుడుకు ఎంతసేపు పలక్కుండా ఉండాలో, లోపల శవం ఉందన్న సంగతి మరిచిపోనివ్వకుండా జనాన్ని ఎంతవరకు నవ్వించాలో వాళ్లను చూసి మా ఎం.ఏ. విద్యార్థి నేర్చుకోవాలి. మర్నాడు ఆ వేషం తను కట్టాలి.