వేసవిని పల్లెకి పంపేశాం

ఏప్రిల్ నెల రాగానే మన పత్రికల్లో మల్లెమొగ్గలతో పోటీగా రెండు రకాల వ్యాసాలు పూస్తాయి. ఒకటి సలహాల వ్యాసం. ఎండలో తిరక్కండి, మజ్జిగ తాగండి, కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టండి, పిల్లల్ని మధ్యాహ్నం గుమ్మం దాటనివ్వకండి. రెండోది జ్ఞాపకాల వ్యాసం. అమ్మమ్మగారి ఊరు, మామిడి తోట, తాటిముంజలు, కాలవలో ఈత, ఆరుబయట నులకమంచం, నెత్తిమీద నక్షత్రాలు. మొదటిది చదివితే తలుపేసుకుని కూర్చోవాలనిపిస్తుంది. రెండోది చదివితే రైలెక్కాలనిపిస్తుంది. నగరంలో ఉన్నవాడు నగరంలోనే ఉండి, చెప్పులేసుకుని బయటికొచ్చి, వేసవిని కాస్త అనుభవించే ఉపాయం మాత్రం ఈ రెండింట్లోనూ దొరకదు.

అమ్మమ్మ మీద నాకు కోపమేమీ లేదు. కాని ఇప్పటి పిల్లల్లో చాలామంది అమ్మమ్మలు దిల్‌సుఖ్‌నగర్‌లోనో కూకట్‌పల్లిలోనో మూడో అంతస్తులో కాపురం ఉంటున్నారు. ఆ పిల్లలు ఈ వ్యాసాలు చదివి ఏమనుకోవాలి? వేసవి అనేది తాము పుట్టకముందు, తమది కాని ఊళ్ళో జరిగిపోయిన ముచ్చట అనుకోవాలి. పైగా ఈ జ్ఞాపకాల వేసవిలో ఒక చిత్రం గమనించారా? అందులో ఎవరికీ చెమట పట్టదు. నూతిలో నీళ్ళు అడుగంటవు. మధ్యాహ్నం పన్నెండు గంటలనేది ఉండనే ఉండదు. తెల్లవారిన తరవాత ఏకంగా వెన్నెలే! అటువంటి వేసవితో ఏ నగరం మాత్రం పోటీ పడగలదు?

మన పాతవాళ్ళు ఇలా చెయ్యలేదండీ. ప్రబంధానికి పద్ధెనిమిది వర్ణనలు ఉండాలన్న నియమం ఒకటుంది గదా. ఆ జాబితాలో నగరం ఉంది, ఋతువు ఉంది, ఉద్యానం ఉంది, జలక్రీడ ఉంది. అంటే నగరంలో ఉండేవాళ్ళు తోటలోకి వెళ్ళడం, నీళ్ళలో ఆడడం కావ్యానికి తగిన విషయాలే అని వాళ్ళు ఒప్పుకున్నారు. ఆముక్తమాల్యద రెండో ఆశ్వాసంలో రాయలవారు గ్రీష్మాన్ని వర్ణించింది ఎక్కడనుకున్నారు? మధురానగరపు కథలో. ఆ వేసవిలోనే, రాత్రివేళ ఊరికి కొత్తగా వచ్చిన ఒక బ్రాహ్మణుడు చదువుకున్న మాట దారినపోయే రాజు చెవిన పడి, ఆయన బతుకునే మార్చేస్తుంది. రాజు, బాటసారి ఇద్దరూ వేసవి రాత్రి తలుపులు బిగించుకుని పడుకుని ఉంటే ఆ కథ అక్కడితో సరి! అయిదు వందల ఏళ్ళ క్రితం నగరానికి ఉన్న ఈ సదుపాయాన్ని మన వ్యాసకర్తలు ఏ రైలుకో ఎక్కించి పల్లెకి పంపేశారు.

హైదరాబాదు సంగతే తీసుకుందాం. నాకు తెలిసిన నగరం అదొక్కటే. సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైన, రాతి పీఠభూమి మీద ఉన్న ఊరు. మే నెలలో పగలు నలభై డిగ్రీలు కాస్తుంది, కాదనను. ఆ ఎండలో నిలబడగల ధైర్యం ట్యాంకుబండు మీది వేమన, మొల్ల, శ్రీశ్రీ వగైరాలకే ఉంది. అయితే గాలిలో తేమ తక్కువ కనక పొద్దు వాలాక ఆరుబయట వేడి త్వరగానే దిగుతుంది. విజయవాడవారు ఇక్కడికొచ్చి మొదట మెచ్చుకునేది ఈ ఊరి రాత్రినే. మే నెలలో ఇక్కడ సూర్యుడు ఆరూ ముప్పావు ప్రాంతంలో గూటికి చేరతాడు. తెల్లవారి ఐదున్నర నుంచి ఎనిమిది దాకా ఒక ముక్క, రాత్రి ఏడున్నర నుంచి పదకొండు దాకా ఇంకో ముక్క. నగరంలో వేసవి అంటే ఈ రెండు ముక్కలే. రుచి అంతా వాటిలోనే ఉంది. ఏప్రిల్‌లో కానుగ లేతాకు వేసి నిగనిగలాడుతుంది, తురాయి ఎర్రగా విరగబూస్తుంది, రేల చెట్టు పచ్చటి గుత్తులు దించుతుంది. మామిడితోట దొరకలేదని ఏడ్చేవాడికి కాలేజీ రోడ్డు పక్కనున్న రేలచెట్టు కనబడదెందుకో!

సరే, బయల్దేరామనుకోండి. ఎక్కడికి? గోలకొండకి వెళదామంటే అక్కడ టిక్కెట్టు కిటికీ తెరిచేది మామూలుగా తొమ్మిదింటికి. అంటే సూర్యుడు తన డ్యూటీలో కుదురుకున్నాక అన్నమాట. మూసేది చీకటి పడకముందు. బాలాహిస్సారుకి ఆ మెట్లన్నీ నడినెత్తిన ఎండ పెట్టుకుని ఎక్కాలి! రాత్రి సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన ఒకటుంది గనక కొంత నయం. చార్మినారు పైకి ఎక్కాలన్నా అదే తంతు. నెహ్రూ జూ పార్కు కూడా గాలి చల్లబడే వేళకి మనల్ని బయటికి పంపించేస్తుంది. ఒక్క కాసు బ్రహ్మానందరెడ్డి పార్కుని మాత్రం తప్పుపట్టను. 1998లో దాన్ని జాతీయవనంగా ప్రకటించారు. అక్కడి నెమళ్ళకి రాత్రి చీకటి అవసరం. పేటల్లో ఉన్న చిన్న పార్కులకి ఏ నెమలి అడ్డం? ఆఫీసులకి పెట్టినట్టే తోటలకీ వేళలు పెట్టారు. జనవరికీ మే నెలకీ తేడా లేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కి పాత పేరు బాగె ఆం. జనం తోట అని అర్థం. పేరు పెట్టినవాడికి ఉన్న ఇంగితం గడియారం పెట్టినవాడికి లేకపోయింది.

పార్కుల లోపల సంగతి ఇంకోటి. కొత్తగా వేసేవన్నీ అలంకారపు తాడిజాతి మొక్కలు. చూడ్డానికి మిలిటరీ కవాతులా ఉంటాయి గాని, వాటి నీడలో కుక్కపిల్ల కూడా పడుకోలేదు. కింద పచ్చిక, ఆ పచ్చికమీద నడవరాదని బోర్డు. ఇంతకీ ఆ పచ్చిక ఎవరికోసమో!

ఇదంతా షోకు వ్యవహారం కాదు. ఏసీ ఉన్న ఇంట్లో వేసవి రాత్రి షికారు సరదా. ఒంటిగది వాటాలో, రేకుల కప్పు కింద, నలుగురు పడుకునే ఇంట్లో అది అవసరం. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పది దాకా ఆ వేడిని గదిలోకి కక్కుతూనే ఉంటుంది. ఆ వేళకి ఇంట్లోకంటే వీధిలోనే చల్లగా ఉంటుంది. వెనకటికి మేడమీద మడతమంచాలు వేసుకునేవారు. ఇప్పుడు మేడ మీద నీళ్ళ ట్యాంకులు, సెల్ టవర్లు, అద్దె వాటాల మధ్య తగాదాలు.

రాత్రి నగరం బయట బతకలేదని ఎవరైనా అంటే, 2018లోనూ 2019లోనూ రంజాను మాసం మేలో వచ్చినప్పుడు చార్మినారు వైపు వెళ్ళి చూశారా అని అడుగుతాను. లాడ్‌బజారులో అర్ధరాత్రి దాటాక కూడా గాజుల బేరాలు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు, హలీం దగ్గర తోపులాట, సహరీ వేళ దాకా దీపాలు. పాతబస్తీ వేసవి రాత్రిని ఎలా వాడుకోవాలో ఎవరినీ అడక్కుండానే తేల్చుకుంది. కొత్త ఊరికీ ఒకసారి ఈ బుద్ధి పుట్టింది. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంకుబండు మీద వాహనాలు ఆపేసి జనాన్ని నడవనిచ్చారు. అంతే, నేల ఈనినట్టు వచ్చారు! ఎవరూ కొత్తగా కట్టిపెట్టిందేం లేదు. ఉన్న రోడ్డుమీంచి కార్లని తప్పించారు, అంతే.

కాపలా ఖర్చు, దొంగల భయం, తాగుబోతుల గోల అని మునిసిపాలిటీవారు అనవచ్చు. ఉన్నమాటే. కాని దీపాలు ఆర్పి తాళం వేసిన తోట పక్కనుంచి నడిచే ఆడమనిషికి భయం ఎక్కువా, దీపాలు వెలుగుతూ నలుగురు కూర్చున్న తోటలోనా? మే నెల ఒక్కటీ పదకొండు దాకా గేటు తీసి, నాలుగు దీపాలు, ఒక మంచినీళ్ళ కుండ, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంచితే చాలు. జ్ఞాపకాల వ్యాసకర్తలూ ఒకసారి ఆ బెంచీమీద కూర్చుని రాస్తే, అందులో కాస్త చెమట వాసన వచ్చినా ఫరవాలేదు.

మా పేట పార్కులో ఇప్పుడు జరుగుతున్నదేమంటే, ఏడింటికి మగవాళ్ళు చేతులూపుకుంటూ చుట్లు తిరుగుతారు, రాజకీయాలు తేలుస్తారు, ఇళ్ళకి పోతారు. వాళ్ళకి వడ్డించి, పిల్లల చేత అన్నాలు తినిపించి, గిన్నెలు సర్ది, పొయ్యి వేడికి తడిసిన చీర మార్చుకుని, పక్కవాటా ఆవిడని కూడా కేకేసి ఇల్లాలు వీధిలోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర. సరిగ్గా అప్పుడే కాపలావాడు ఈల వేస్తాడు.